జనార్ధన్ పారేసిన కానుగలు

దేవరయాంజాల్‌లో జనార్ధన్‌కు ద్రాక్షతోట పోయినా ద్రాక్షరైతు అన్న పేరు పోలేదు. అంటే, ఆయన పోనివ్వలేదు. తొంభైల్లో ఎవరు ఎరువు సంచి విప్పినా చిటికెడు తీసి నాలుక మీద వేసుకుని, ఇది యూరియా, ఇది అమ్మోనియా, ఇది నైట్రేటు అని తేల్చేవాడు. సంచి మీద పెద్ద అక్షరాలతో రాసే ఉంటుంది కానీ, అది చదవడం చేతకానివాళ్ల పనని ఆయన నమ్మకం. యూరియా అయితే నాలుక చల్లబడుతుంది. ఆ చల్లదనాన్ని ప్రసాదం తిన్నట్టు కళ్లు మూసుకుని అనుభవించేవాడు.

తోటను తిన్నది వేరుగడ్డ రోగం. కంటికి కనపడని పురుగు దూరి, వేళ్లన్నీ గడ్డలు గడ్డలుగా ఉబ్బి, పందిరి మీది తీగ ఉన్నపళంగా ఎండిపోయింది. తీగలు పీకి వెనక గుంతలో పారేసిన రోజు జనార్ధన్ అన్నం ముట్టలేదు. సాయంత్రం దాకా.

తర్వాత ఆ పందిరి రాతి కడీల మధ్యనే నర్సరీ పెట్టాడు. తూంకుంటలో ప్లాట్లు చేస్తున్న పరమేశ్ రెండు రోడ్లకు కానుగ మొక్కలు అడిగాడు. అవి బతికితే వెంచర్ మొత్తానికి మొక్కలు ఇక్కడివే. చెట్టు తెలిసిన మనిషి అన్న మాట నిలబెట్టుకోవడానికి జనార్ధన్‌కు మిగిలింది ఆ రెండు రోడ్లే.

సంచుల్లో ఎర్రమట్టి నింపి గింజలు పెట్టాడు. రెండాకులు రాగానే యూరియా నీళ్లు మొదలు. మొక్క నోరు తెరవకముందే ముద్ద. ముందు వరసలు ముదురాకుపచ్చగా నిగనిగలాడాయి. గోడ పక్క వరసలకు వచ్చేసరికి యూరియా అయిపోయింది. అవి కొన్నాళ్లు పాలిపోయి, తర్వాత వాటంతట అవే తేరుకున్నాయి.

"మన సాయి లెక్కనే సాదుతున్నవ్," అంది భార్య జయమ్మ ముందు వరసలు చూసి. కొడుకు సాయికిరణ్‌కు మంచం దగ్గరికి నీళ్లు వస్తే తప్ప దాహం వేయదు. జనార్ధన్ ఆ మాటను మెచ్చుకోలు కింద జమ వేసుకున్నాడు.

మొక్కలు పంపే ముందు అటొకటి ఇటొకటి పీకి చూశాడు. ముందు వరసదాని వేళ్లు దారాల్లా నున్నగా ఉన్నాయి. గోడ పక్కదాని వేళ్లకు చిన్న చిన్న గడ్డలు.

"గదే రోగం," అన్నాడు. "మళ్లొచ్చింది."

అది రోగం కాదు. కానుగ కందికి, పెసరకు చుట్టం. గాలిలోని నత్రజనిని తిండిగా మార్చిపెట్టే సూక్ష్మజీవులు ఆ గడ్డల్లో కాపురం ఉంటాయి. అది దాని వంటిల్లు. పైనుంచి యూరియా వచ్చి పడుతుంటే ఆ మొక్క పొయ్యే వెలిగించదు. రోగపు గడ్డ వేరులోనే ఉబ్బుతుంది, ఊడదు. కానుగ గడ్డ గోటితో ఊడొస్తుంది, గిల్లితే లోపల ఎర్రగా ఉంటుంది. లోకంలో ప్రతిదీ నాలుకతో తేల్చే మనిషికి గోరు గుర్తు రాలేదు.

గోడ పక్కవాటిని సంచులతో సహా గుంతలోకి దొర్లించి, రోగాన్ని మొదట్లోనే పట్టేసిన సంగతి ఊరంతా చెప్పుకొచ్చాడు. నున్నటి వేళ్లవి తూంకుంట వెళ్లాయి. ఆ మొరం రోడ్ల మీద వాటికి కలిపి పెట్టేవాళ్లు లేరు, వండుకోవడం వాటికి రాదు. మరుసటి ఎండాకాలానికి పసుపుబారి ఎండాయి.

పరమేశ్ వచ్చాడు. కోప్పడలేదు, అదే ఇబ్బంది. మాట్లాడుతూ వెనక్కి నడిచి గుంత దగ్గర ఆగాడు. అందులో కానుగలు నడుమెత్తున గుబురుగా ఉన్నాయి.

"ఏందన్నా, గివి ఎవరికి దాచినవ్?"

మంచివని ఒప్పుకుంటే, మంచివాటిని చేతులారా పారేసినట్టవుతుంది. జనార్ధన్ గొంతు సవరించుకున్నాడు.

"గవి రోగపు మొక్కలు, పరమేశ్. జెర నిదానంగ సస్తయ్."

"నాకు గా రోగమే కావాలె," అన్నాడు పరమేశ్. కానీ వేళ్లు సంచులు చీల్చుకుని రాతి సందుల్లోకి దిగాయి, తవ్వితే విరగడమే. మిగతా రోడ్ల మొక్కల కోసం లాల్‌గడి మలక్‌పేట్ నర్సరీల దారి పట్టాడు.

బండి చప్పుడు దూరమయ్యాక జనార్ధన్ కొత్త సంచి విప్పాడు. చిటికెడు నాలుక మీద వేసుకుని, దోసెడు యూరియాతో గుంత వైపు నడిచాడు. జయమ్మ వాకిట్లోంచి చూసింది.

"ఎవ్వలు పెట్టకున్నా తిన్నయ్ గవి. సాయి నాయినా, నువ్వొచ్చి తిను. బువ్వ సల్లారుతాంది."

ఆయన దోసిలి దులుపుకుని వచ్చి కంచం ముందు కూర్చున్నాడు. గ్లాసు ఖాళీగా ఉంది. నీళ్ల కుండ చేయి చాపితే అందుతుంది. జనార్ధన్ జయమ్మ కోసం చూస్తూ కూర్చున్నాడు.