హిందూపురంలో తీసిన ఎక్స్‌రే

ధర్మవరంలో మగ్గం నేసేవాళ్ళకు సాయంత్రానికి కాళ్ళు వాచడం వింతేమీ కాదు. పొద్దుటి నుంచి మగ్గం గుంటలోకి కాళ్ళు దించుకొని కూర్చుంటే వాయక ఏమవుతాయి? అందుకే నా కాళ్ళ వాపు తెల్లారినా తగ్గనప్పుడు మా వీధిలో ఎవరూ పట్టించుకోలేదు. నేనూ పట్టించుకోలేదు. గుంటలోంచి పైకి లేస్తే ఆయాసం వచ్చేది. అమ్మ పోయినాక చీరంతా ఒక్కదాన్నే నేస్తున్నాను కదా, అలసట అనుకున్నాను. మగ్గం ఆగితే ఇంట్లో ఇంకో చప్పుడు ఉండదు. ఆ నిశ్శబ్దం నాకు భయం. అందుకని ఆపేదాన్ని కాదు.

ఆశా కార్యకర్త అప్పుడప్పుడు వచ్చి చేతికి పట్టీ చుట్టి బీపీ చూసేది. ఎప్పుడూ సరిగ్గానే ఉండేది.

"నీకేమక్కా, బీపీ లేదు, షుగర్ లేదు, గుండ్రాయి మాదిరి ఉండావు" అనేది.

గుండ్రాయికి ఆయాసం ఎందుకొస్తుందో ఆమె చెప్పలేదు. నేను అడగలేదు. నా గోడు ఒకరి ముందు వెళ్ళబోసుకునే అలవాటు నాకు లేదు.

మొన్న వేసవిలో ముడిపట్టు కోసం హిందూపురం పోయాను. స్టేషన్ వంతెన మెట్లు సగం ఎక్కేసరికి కళ్ళు తిరిగి కూలబడ్డాను. జనం పక్కకు తప్పుకొని పోయారు. కాసేపటికి లేచి, ఆటో ఎక్కి, నన్ను నేనే ఒక ఆస్పత్రికి తీసుకుపోయాను.

డాక్టరమ్మది చిన్న వయసు. ముందు ఛాతీ ఎక్స్‌రే తీయించింది. చల్లటి పలకకు ఛాతీ ఆనించి ఊపిరి బిగబట్టమన్నారు. బిగబట్టలేకపోయాను, మళ్ళీ తీశారు. తర్వాత ఆమె కంప్యూటర్‌లో ఆ బొమ్మ చూపించింది.

"ఇది గుండె నుంచి ఊపిరితిత్తులకు రక్తం పోయే గొట్టం. ఇంత లావు ఉండకూడదు. అంచుల దాకా పోవాల్సిన సన్న నాళాలేమో మధ్యలోనే సన్నగిలిపోయినాయి. గుండె కుడిపక్క కూడా పెద్దదయింది. ఊపిరితిత్తుల్లో రక్తపోటు ఉందేమోనని నా అనుమానం. పుట్టపర్తి పెద్దాస్పత్రిలో ఎకో, అంటే గుండె స్కానింగ్, తీస్తే ఖాయంగా తెలుస్తుంది."

"నాకు బీపీ లేదు మేడమ్. మా ఊర్లో చూస్తానే ఉంటారు."

"వాళ్ళు చూసేది చేతి దగ్గరి పోటు. లోపలి పోటు ఆ పట్టీకి తెలీదు. ఈ కాళ్ళ వాపు కూడా దానివల్లే అయ్యుండొచ్చు. తోడు ఎవరొచ్చినారమ్మా?"

"మా అత్త. బయట కూర్చోనుండాది" అనేశాను. జబ్బుందని వినడం కన్నా ఎవరూ లేరని చెప్పడమే కష్టమనిపించింది.

"పిలువు, ఆమెకూ చెప్పాల."

వరండాలో బల్ల మీద ఒక ముసలామె మోకాలు పట్టుకొని కూర్చోనుంది. ముక్కూమొహం తెలియని మనిషి.

"అత్తా, లోపలికొచ్చి ఊరికే నా పక్కన నిలబడతావా? డాక్టరమ్మ పిలుస్తాంది."

ఆమె నన్ను ఎగాదిగా చూసింది. "నాకేం తెల్సునమ్మా?"

"ఏం తెలియక్కర్లేదు. నిలబడితే చాలు."

ఆమె వచ్చింది. డాక్టరమ్మ మళ్ళీ మొదటి నుంచి చెప్పింది. అంతా విని ముసలామె, నాకు నోట రాని మాట అడిగింది.

"ఇది నయమయితాదా మేడమ్?"

"ఎందుకొచ్చిందో తేలితే దానికి తగిన వైద్యం ఉంది. ఆలస్యం చేయొద్దు. బరువు పనులు ఈమెతో చేయించొద్దు."

"యాడ చేయనిస్తా" అంది ముసలామె. నవ్వులాటకు అనలేదు. నా మోచెయ్యి పట్టుకుంది, బయటికొచ్చే దాకా వదల్లేదు. అమ్మ పోయినాక నన్ను అట్లా పట్టుకున్నవాళ్ళు లేరు. నాకు ఏడుపు ముంచుకొచ్చింది.

ఆమెది పెనుకొండంట. సాయంత్రం ఒకే రైల్లో, ఒకే బల్ల మీద కూర్చున్నాం. దారి పొడుగునా తన మోకాళ్ళ నొప్పుల గురించి చెప్పింది. నేను అంత ఇష్టంగా ఎవరి నొప్పులూ వినలేదు. పెనుకొండ రాగానే సంచి తీసుకొని లేచింది.

"పుట్టపర్తికి ఎకో తీయించుకోను పోయేటప్పుడు ఇంట్లోవాళ్ళను పిల్చుకొనిపో. ఒక్కదానివే పోవద్దు."

"సరే అత్తా" అన్నాను.

డాక్టరమ్మను పక్కనపెడితే, నా జబ్బు సంగతి తెలిసిన మనిషి ఆమె ఒక్కతే. ఆమె దిగిపోయింది. ఇంటికి రాగానే పక్కింటామె నా చేతిలో ఆస్పత్రి కవరు చూసి, డాక్టరేమన్నాడని అడిగింది. బీపీ లేదన్నారని చెప్పి తలుపేసుకున్నాను.