చింతగింజలతో దిద్దుకున్న మజ్మూన్

మా చిన్నప్పుడు... నిజాం జమానల, మా నాందేడ్ బడిల మజ్మూన్... అంటే వ్యాసం... రాయాలంటే జేబుల చింతగింజలు ఉండాలె.

నవ్వకుండ్రి. మా మాస్తరు, మరాఠీ ఆయన, నేర్పిన తరీకా అది. పాఠంల కథ చదివి, అందుల ఒకని గురించి వీడు మంచోడనో, వీడు పిసినారనో మన వాదం రాయాలె. రాసిన ఒక్కో మాటకు బల్ల మీద ఒక గింజ పెట్టాలె. ఆ మాటకు కథల గవా... అంటే సాక్ష్యం చెప్పే వాక్యం... దొరికితే గింజ తీసేయాలె. ఆఖరుకు మిగిలిన గింజలన్ని మన కోతలు. ఆయన చూసేదాంక ఆగకుంట ఆ మాటలు మనమే కొట్టేసుకోవాలె.

నేను ఆ పిచ్చిని ఇంటికి గూడ మోసుకపోయిన. పాలు పిల్లి తాగిందని అమ్మ అంటే, పొయ్యిగడ్డ మీద గింజ పెట్టి గవా ఏదనేటోణ్ని. గవా వీపు మీద దొరికేది...

ఏడో జమాత్ పరీక్షకు ఇన్‌స్పెక్టర్ సాబ్ వచ్చిండు. మజ్మూన్ల పాసయితెనే పై జమాత్. లేకుంటే నన్ను ధర్మాబాద్ ధాన్యం అడ్తి దుకాణంల బస్తాలు కుట్టుడుకు పెడ్తనని బాపు ముందే ఖాయం జేసిండు.

పాఠంల ముసలి తోటమాలి మీద ఎవడో చాడీ చెప్తడు, రాజు మాలిని ఊరు వెళ్లగొడ్తడు. అది న్యాయమేనా అని సవాలు, అంటే ప్రశ్న. పిల్లలందరు న్యాయమే అని రాసిండ్రు... రాజు గద.

నేను గూడ ముందుగాల అదే రాసిన. గింజ పెట్టి వెతికితే గవా దొరకలే. మాలిని రాజు ఒక్క మాట అడిగినట్టు కథల ఏడ లేదు. అంత కొట్టేసి, అడగకుంట దండించుడు న్యాయం గాదని రాసిన. ఈసారి బల్ల సాఫ్.

సాబ్ చదివి మొఖం మాడ్చిండు. రాజును తప్పు పట్టుడు ఎవరు నేర్పిండ్రని అడిగిండు. నేను సంబురంగ గింజలు జూపెట్టి, మాస్తరే నేర్పిండని తరీకా అంత చెప్పిన... ఇద్దర్ని మెచ్చుకుంటడనుకున్న.

సాబ్ మాస్తరు దిక్కు జూసిండు.

"నేను నేర్పలేదు హుజూర్. ఆడుకునేటందుకు తెచ్చుకున్నడు."

సాబ్ నమ్మిండు, పిల్లలు గూడ మాస్తరు దిక్కే అయిండ్రు. ఎన్నడో మాస్తరు టోపీల కప్పను పెట్టిన నా మాట ఎవడు వింటడు? ఫేల్ జేసిండ్రు. నన్ను మల్ల ఒక్క మాట అడగలే.

ఏండ్లు గడిచినంక అదే మాస్తరు నేను బస్తాలు కుట్టే అడ్తికి జొన్నలకు అచ్చిండు. బాగున్నవా బిడ్డా అన్నడు. మూట గట్టి, మీద ఒక చింతగింజ పెట్టి ఇచ్చిన. జూసిండు... తియ్యలే. అట్లనే మోసుకపోయిండు.

ఇప్పటి పిల్లలకు గైడు పుస్తకాలున్నయి. అందరి కాపీలల్ల రాజు న్యాయమంతుడే... అందరు పాసే. గింజలు మాత్రం పులుసుల చింతపండు పిసికినంక పెంట మీద పడుతున్నయి.

మీ మాస్తర్లు మీకేం నేర్పిండ్రో రాయుండ్రి... ఎవలన్న అడిగితె, నేనే నేర్పిన అని నిలబడ్డోళ్లుంటే ముందుగాల వాళ్ల గురించి రాయుండ్రి.