నీలం బూట్లు

మా పాప స్కూలు బూట్లకు తెల్ల పాలిష్ పూస్తుంటే, ఆ వాసనకు విమల గుర్తొచ్చింది. సౌదీలో, జెద్దాలో నాలుగో తరగతిలో నా పక్కన కూర్చునేది. మాది కడప, వాళ్ళది నంద్యాల. క్లాసులో తెలుగు మాట్లాడేది మేమిద్దరమే.

ఆ రోజు టీచర్ ఒట్టోమన్ సామ్రాజ్యం పాఠం చెప్పింది. ముస్లింలు, క్రైస్తవులు, యూదులు అందరూ అందులో ఉండేవాళ్ళట, ఒక్కో మతానికి ఒక్కో రంగు చెప్పులట. నాకది పండగలా తోచింది. ఇంటర్వెల్‌లో నీలం ఇంకు తీసి విమల తెల్ల బూట్ల మీద ఒంపేశాను.

"నువ్వు హిందువు కదే, నీవి నీలం."

"మరి నీవి?"

"మేం ముస్లింలం కదా, మావి ఇట్లే ఉంటాయి."

మధ్యాహ్నం హెడ్‌మిస్ట్రెస్ ఆ బూట్లు విప్పించి, విమలను కాలిపోతున్న సిమెంటు మీద నిలబెట్టింది. "ఎవరు చేశారిది?" అని గద్దించింది. విమల ఒక పాదం మార్చి ఒక పాదం ఎత్తుతూ, నావైపు చూడకుండా, "నేనే, మిస్" అంది.

ఎంత మంచి స్నేహితురాలో అని మురిసిపోయాను.

వాళ్ళ నాన్న బలద్ బజారులో మా నాన్న కింద సేల్స్‌మన్. ఆయన ఆ దేశంలో ఉండాలంటే ఏటా ఇకామా, అంటే నివాస పర్మిట్, రెన్యూ కావాలి, అది మా నాన్న చేతిలో ఉండేది. తొమ్మిదేళ్ళ విమలకు ఆ సంగతి తెలుసు. నాకు తెలియడానికి ఇన్నేళ్ళు పట్టింది.