ఒకే తెప్ప మీద ఇద్దరు

బుల్లమ్మ ఇంట్లో ఒక కట్టడి ఉంది: ఒక తల్లి బిడ్డలు ఒకే తెప్ప ఎక్కరాదు. ఆమె పెనిమిటీ మరిదీ ఒకే తెప్ప మీద వేటకు పోయి, ఒకే కెరటం కింద ఉండిపోయారు. నాటి నుంచి పెద్దకొడుకు లక్ష్ముడిది ఒక ఇంజను తెప్ప, చిన్నవాడు గోపిది మరొకటి. తమ్ముడికి చుక్కాని పట్టడం నేర్పింది లక్ష్ముడే. అదీ పక్క తెప్ప మీద నుంచి కేకలు వేస్తూ.

తుపాను హెచ్చరిక అందరి ఫోన్లకూ వచ్చింది. గోపి ఫోను ఇంట్లో ఛార్జింగులో వేలాడుతోంది. మనిషి అప్పటికే వేటలో ఉన్నాడు. రక్షణ పడవ పంపమని లక్ష్ముడు అధికారులను ప్రాధేయపడితే, "గాలి తగ్గనీ, చూద్దాం" అన్నారు. గాలి తగ్గాక వెతికేది మనిషిని కాదు, శవాన్ని. ఆ తేడా తెలిసినవారే ఆ జవాబిచ్చారు.

లక్ష్ముడు తన తెప్పను నీళ్లలోకి నెట్టాడు. రోజూ రామతీర్థం కొండను ఆనవాలు పెట్టుకుని తిరిగేవాడు. ఆ రోజు కొండ లేదు, ఆకాశం లేదు, నిలువునా లేచి పడే బూడిదరంగు నీరే ఉంది. అయినా తమ్ముడు నీటి అడుగున బండలున్న రాతిపార దగ్గరే ఉంటాడని అతనికి తెలుసు. వల పారకు చిక్కితే కోసుకుని వచ్చే రకం కాడు గోపి.

అక్కడే ఉన్నాడు. ఇంజను ఆగిపోయింది. చిక్కిన వల కిందికి లాగుతుంటే తెప్ప ముక్కు నీట మునుగుతోంది.

"ఒరే, వల కొయ్యి!"

"కొత్తదన్నా!"

"రేపు నీకు కట్టే పాడె కూడా కొత్తదేరా! కొయ్యి!"

గోపి కోశాడు. లక్ష్ముడు తాడు విసిరాడు.

"నా తెప్పెక్కు."

"అమ్మ ఒద్దన్నాది కదేటి! తాడుతో లాగు, ఎనకాలే వస్తాను."

లాగాడు. అమ్మ మాట దక్కించుకుని ఇల్లు చేరతామన్న ఆశ కెరటాలు విరిగే చోటు దాకా వచ్చింది. అక్కడ వెనుక తెప్ప ఎగిరి ముందు తెప్ప మీదికి దూసుకొచ్చింది. తాడు కోస్తే తమ్ముడు పోతాడు. కోయకుంటే ఇద్దరూ పోతారు.

"దూకరా!"

నీళ్లలో పడినవాణ్ని జుట్టు పట్టి తన తెప్ప మీదికి ఈడ్చి, అప్పుడు తాడు కోశాడు. ఖాళీ తెప్ప పక్కగా పోయి ముక్కలైంది.

ఒడ్డున ఊరంతా కేరింతలు కొట్టింది. బుల్లమ్మ కొట్టలేదు. చిన్నకొడుకు ముఖం తడిమి, పెద్దవాడి వైపు తిరిగింది.

"ఇద్దర్నీ ఒక్కసారే గంగమ్మకి సూపించీసినావురా, పెద్దోడా."

లక్ష్ముడి వెనుక, ఇసుక మీద, రేపటి వేటకు ఆ ఇంటికి మిగిలింది ఒక్క తెప్ప. ఆకలి ఇద్దరిదీ.