మా ఆయన క్రాఫుకు బదులు

పదిహేనేళ్ళప్పుడు నేనో అమెరికా కుర్రాడి మీద మనసు పారేసుకున్నాను. విశాఖపట్నంలో ఆదివారం పొద్దుటాట ఇంగ్లీషు సినిమాలో చూశాను. రేడియోలో పాట అంతకుముందే విన్నాను. అక్కడ టీవీలో సొంత అమ్మానాన్నలతోనే నటిస్తాడట, చివర్లో గిటారు తగిలించుకుని పాడితే ఆడపిల్లలు కేకలు పెడతారట. పక్కింటి ఓడ ఆఫీసరుగారి భార్య ఇచ్చిన పత్రికలోంచి అతని బొమ్మ కత్తిరించి, ట్రంకుపెట్టె మూత లోపల అంటించుకున్నాను. నుదుటి మీద ఎత్తుగా లేచిన పఫ్ క్రాఫు. మా అమ్మ చూసి చింపేసింది. దాంతో ఆ పిచ్చి పోతుందనుకున్నారు ఇంట్లో వాళ్ళు. పోలేదు. ఎందుకు పోవాలి?

పెళ్ళయిన మొదటి నెలలోనే మా ఆయన జుట్టు అలా దువ్వాను. ఆయనది ఒత్తైన జుట్టు, మెత్తటి స్వభావం. దువ్వించుకుని ఊరుకున్నారు. ఆ తర్వాత తనే అలవాటుగా దువ్వుకునేవారు.

ఎనభైల చివర్లో మేం మస్కట్‌లో, ఖురంలో ఉండేవాళ్ళం. ఆయన ఓ కంపెనీలో డ్రాఫ్ట్స్‌మన్. పిల్లలు ఇండియాలో హాస్టల్లో. యాభైకి దగ్గరపడుతున్నా ఆయన పఫ్ చెక్కుచెదరలేదు. తోటి తెలుగువాళ్ళు "హీరోగారూ" అని ఏడిపించేవారు. అప్పుడే ఓ వీడియో షాపులో ఆ పాత టీవీ సీరియల్ క్యాసెట్టు కనబడింది. ఆ కుర్రాడు అప్పటికే నడివయసులో చనిపోయాడు. క్యాసెట్టులో మాత్రం పద్దెనిమిదేళ్ళే. నాలుగైదుసార్లు అద్దెకు తెచ్చి, చివరికి షాపతని ప్రాణం తీసి కొనేశాను.

చూస్తుంటే అతనెందుకంత నచ్చాడో అర్థమైంది. మా ఇంట్లో పెద్దవాళ్ళ ముందు కూనిరాగం తీసినా చెంప పగిలేది. ఇతను తనకిష్టమైన పాట అమ్మానాన్నల ముందే పాడుతున్నాడు. వాళ్ళు కూర్చుని చప్పట్లు కొడుతున్నారు.

గొడవంతా మా అత్తగారి మొక్కుతో వచ్చింది. కొడుక్కి మస్కట్ ఉద్యోగమొస్తే తలనీలాలిస్తానని తిరపతి వెంకన్నకి మొక్కుకున్నారు. తనవి కాదు, కొడుకువి. ఉద్యోగమొచ్చింది. సెలవుకి వెళ్ళిన ప్రతిసారీ నేనేదో వంక పెట్టి తిరపతి తప్పించాను. ఆ ఏడు ఆవిడ ఫోనులో, ఇక ఊరుకునేది లేదని తేల్చి చెప్పేశారు.

"మీరేమంటారు?" అని మా ఆయన్నడిగాను.

"నాకేముంది, చేయించుకుంటాను. పాస్‌పోర్టు కంపెనీ దగ్గరుంది. సెలవు కావాలంటే బాసు సంతకం, ఉద్యోగం మారాలంటే వీసా ఇప్పించిన అరబ్బు, కఫీలు సంతకం. ఇంతమందికి యెస్ సార్ అంటున్నాను, అమ్మకీ అంటే పోయేదేముంది?"

నాకు ఒళ్ళు మండింది. "పోయేది మీది కాదు, నాది," అన్నాను.

ఆ సెలవులో తిరపతి వెళ్ళాం. కొండమీద కల్యాణకట్టలో మా ఆయన చొక్కా విప్పి వరసలో కూర్చున్నారు. భుజం పట్టి లేపి, ఆ చోట నేను కూర్చున్నాను.

"మూడు కత్తెర్లా అమ్మా?" అన్నాడు క్షురకుడు. మా వైపు ఆడవాళ్ళు ఇచ్చేది ఆ మూడు కత్తిరింపులే.

"కాదు నాయనా, గుండు."

అత్తగారు పరుగెత్తుకొచ్చారు. "ఇదేం అఘాయిత్యమే! ముత్తైదువ్వి, గుండేంటి? నేను మొక్కింది వాడి జుట్టు!"

"మొక్కేముందు ఆయన్నడిగారా అత్తయ్యా? నన్నడిగారా? ఆ క్రాఫు నా ఇష్టం కొద్దీ ఉంది. దానికి బదులు నాది ఇస్తున్నా. నడుం దాకా ఉంది, స్వామికేం నష్టం లేదు."

జడ కింద పడినప్పుడు ఏడుపొచ్చింది, ఏడ్చాను. లేవలేదు.

తిరుగు ప్రయాణంలో అత్తగారూ విజిట్ వీసా మీద మాతో వచ్చారు. విమానంలో నా పక్కన కూర్చోనని కొడుకుని మధ్యలో కూర్చోబెట్టారు. మస్కట్ ఎయిర్‌పోర్టులో ఆఫీసరు పాస్‌పోర్టులో నా ఫొటో చూసి, నా తల చూసి, "సిక్?" అని మా ఆయన్నడిగాడు. ఆయన నోరు తెరిచేలోగా "నో" అన్నాను. ముద్ర కొట్టాడు.

ఆ శుక్రవారం తెలుగు కుటుంబాలన్నీ ఖురియాత్ సముద్రానికి వెళ్ళాయి. కొంగు కప్పుకోకుండా వెళ్ళాను. "అంత పెద్ద మొక్కు దేనికండీ?" అని ఒకావిడ జాలిగా అడిగింది. "మా ఆయన క్రాఫు కోసం," అన్నాను. హాస్యమనుకుని నవ్వారు. నేను నవ్వలేదు. మా ఆయన దూరంగా గాలికి చెదిరిన పఫ్ సర్దుకుంటున్నారు. ఎంత బాగున్నారో!

ఓ మధ్యాహ్నం క్యాసెట్టు పెట్టుకుని కూర్చుంటే అత్తగారొచ్చి పక్కన కూర్చున్నారు. ఆవిడకి ఇంగ్లీషు రాదు. కుర్రాడు గిటారు అందుకోగానే, అచ్చం కొడుకుదిలాగే ఉన్న అతని పఫ్‌ని వేలెత్తి చూపించారు.

"ఇతనేనా?"

"ఇతనే."

"ఇతగాడి కోసమా, నిక్షేపంలాంటి జడ తీయించుకున్నావు?"

"అవునత్తయ్యా."

"మరి మావాడో?"

"ఆయనంటే ప్రాణం. కాని ఇతను ముందొచ్చాడు."

అత్తగారు నా గుండు వైపు చూశారు. తర్వాత నా మొహంలోకి చూస్తూ, సిగ్గేమైనా ఉందేమోనని చాలాసేపు వెతికారు. ఉంటేగా!