ఎత్తు బండి

జగ్గయ్యపేటలో మిర్చి కోల్డ్ స్టోరేజీ నడిపే వీరేంద్ర ఎవరు పలకరించినా సగం తలే ఊపుతాడు. బండి దిగడు, అద్దం నాలుగు వేళ్లంత దించి మాట్లాడతాడు. ఎలక్ట్రిక్ కారు కొనాలని, మోకాలి ఆపరేషనైన తల్లి రాఘవమ్మను వెంటబెట్టుకుని నందిగామ షోరూముకు వెళ్లాడు. ఆమె సెడాన్‌లో తేలిగ్గా కూర్చుంది. ఎస్‌యూవీ ఎక్కబోతే కాలు లేవలేదు. ఒక చేత్తో కుచ్చెళ్లు, ఒక చేత్తో తలుపు పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

"ఈ చిన్నదే తీసుకోరా. వారం వారం ఫిజియోథెరపీకి పోవాలిగా," అంది.

"నీ మోకాలు చూసి కారు కొనాలా? అందులో కూర్చుంటే నన్నెవడు చూస్తాడు?" అని అందరి ముందూ కసిరాడు వీరేంద్ర. సేల్స్‌మన్ చూపు తిప్పుకున్నాడు. రాఘవమ్మ తలుపు వదిలి కుచ్చెళ్లు సర్దుకుంది.

ఎస్‌యూవీ ఇంటికొచ్చింది. సోమవారం ఫిజియోథెరపీకి వీరేంద్ర తలుపు తెరిచి, కింద పీట వేసి నిలబడ్డాడు. ఆమె అటు చూడనైనా చూడకుండా గేటు దాటి, తాను పిలిపించుకున్న ఐజాజ్ ఆటో ఎక్కింది. వీరేంద్ర కారేసుకుని వెంటపడి, హారన్ మీద హారన్ కొట్టాడు. ఆమె వెనక్కి తిరగలేదు.

"పక్కకి తియ్యి ఐజాజ్," అంది. "ఎవరో పెద్దోళ్ల బండి వస్తోంది."