హలీనా చెప్పిన రేపు

నిన్న ఇండియన్ స్టోర్‌లో కొన్న గాజుసీసాలు కడిగి, వంటింటి కిటికీ దగ్గర ఆరబెట్టే ముందు ఒక్కోదాన్నీ చెవి దగ్గర పెట్టుకుని గోటితో మీటాను. మూడు సీసాలు ఖంగుమన్నాయి. నాలుగోది టక్కుమని ఊరుకుంది. వెలుతురుకు ఎత్తి తిప్పి చూస్తే అడుగున వెంట్రుకంత పగులు కనిపించింది. దాన్ని పక్కన పెట్టేశాను, ఆవకాయకి మూడు చాలు. "అమ్మా, నువ్వు బాటిల్‌తో టాక్ చేస్తున్నావా?" అంది మా అమ్మాయి, హోంవర్క్ మీంచి తల ఎత్తకుండానే. "లేదే, అది చెప్పేది వింటున్నాను" అన్నాను. ఆ మాట నాది కాదు, స్టాన్‌ది. ఆ మాటనీ, ఆ మీటడాన్నీ ఆయన దగ్గర నేర్చుకున్నాను. నేర్చుకున్నవాటిలో ఒక్కటి మాత్రం సమయానికి మరిచిపోయాను.

అమెరికాలో మేముండే క్యారీకి పావుగంట దూరంలో, మందుల కంపెనీలకు ఇంజెక్షన్ సీసాలు సరఫరా చేసే ఒక చిన్న కంపెనీలో ఆయన క్వాలిటీ విభాగానికి పెద్ద. ఎం.ఎస్. పూర్తిచేసి 2003లో నేను అక్కడ చేరాను. ఆయన అసలు పేరు స్టానిస్లావ్. పోలండ్ నుంచి వచ్చి, అమెరికా వాళ్ళ నోటికి తగ్గట్టు స్టాన్ అయిపోయారు. ఆఫీసంతా నన్ను 'వ్యానీ' అని పిలుస్తుంటే, మొదటిరోజే 'వాణి' అని దాదాపు తిన్నగా పలికింది ఆయనొక్కరే. నాకు ప్రాణం లేచివచ్చింది. ఆ సంతోషం సాయంత్రం దాకా నిలవలేదు. మధ్యాహ్నం ఒక ట్రేలో ఇరవై సీసాలు నా ముందు పెట్టి, కనిపించింది రాయమన్నారు. నేను చకచకా చూసి రెండు లోపాలు రాశాను. ఆయన దగ్గరున్న కాగితంలో పంతొమ్మిది ఉన్నాయి.

"ఏడో సీసాలో బుడగ చూశావా?" అని అడిగారు.

"చూశాను. చాలా చిన్నది కదా, పర్లేదనుకున్నాను."

"అనుకోవద్దు. కనిపించిందంతా రాయి. ఏది ముఖ్యమో చివర్లో ఇద్దరం కూర్చుని తేలుద్దాం."

చదువుకున్న అహం కదా, ఇంటికి వచ్చి మా ఆయన రవి దగ్గర గంటసేపు తిట్టిపోశాను. "ఆయన చెప్పింది కరెక్టే కదా వాణీ" అన్నాడు రవి తీరిగ్గా. దాంతో ఆయనతో పాటు రవినీ తిట్టాను.

స్టాన్‌తో నాకు మాటల దగ్గర ఇంకో చిక్కు ఉండేది. "శుక్రవారానికి రిపోర్ట్ అవుతుందా?" అంటే "ఐ విల్ సీ" అనేదాన్ని. మన 'చూద్దాం' అదే కదా. కాదని మొహం మీద అనలేక చెప్పే 'కాదు' అది. ఎదుటివాళ్ళకీ అది తెలుసు కాబట్టి మన దగ్గర ఎవరికీ నొప్పి ఉండదు. శుక్రవారం సాయంత్రం ఆయన నా టేబుల్ దగ్గరికి వచ్చి నిలబడ్డారు. "ఏం చూశావు?" అన్నారు. వెటకారం అనుకున్నాను. కాదు, నిజంగానే అడుగుతున్నారు. చూస్తానంటే చూస్తాననే ఆయన అర్థం. మా ఇద్దరి మధ్య ఇలాంటివి చాలా జరిగాయి, జరిగినప్పుడల్లా నవ్వుకున్నాం. నవ్వి ఊరుకోవలసిన విషయం కాదని అప్పుడు తెలియలేదు.

ఆయన తన ఊరి గురించి చెప్పడానికి నాలుగేళ్ళు పట్టింది. ఒకసారి లంచ్‌లో, ఇంత శ్రద్ధగా చూడటం మీకెవరు నేర్పారని నేనే అడిగాను. "మా అక్క హలీనా" అన్నారు. దేశానికి దక్షిణాన గాజు కార్ఖానా చుట్టూ పుట్టిన చిన్న ఊరు వాళ్ళది. తండ్రి కొలిమి దగ్గర పనిచేసేవాడు. అక్క అక్కడే తనిఖీ బల్ల దగ్గర, తమ్ముడు ఆమె పక్క కుర్చీలో. 1981లో ఆ దేశంలో వీధుల్లోకి సైన్యం వచ్చిన చలికాలానికి కొద్దిగా ముందు ఆయన ఊరు వదిలి వచ్చేశారు. వచ్చేశాక, పారిపోయినవాడి అక్క అని పోలీసులు ఆమెని పిలిచి ప్రశ్నలు వేశారు, తనిఖీ బల్ల నుంచి తీసేసి ఊడ్చే పనిలో పెట్టారు. ఆయన రాసిన ఉత్తరాలకు జవాబు లేదు. ఫోన్ చేస్తే గొంతు వినగానే పెట్టేసేది. తల్లి పోయిన సంగతి కూడా ఎవరో మూడోమనిషి రాస్తే తెలిసింది. తర్వాత సరిహద్దులు తెరుచుకున్నాయి, అందరూ వెళ్ళి వస్తున్నారు, ఆయన మాత్రం వెళ్ళలేదు. "పిలవని ఇంటికి ఎలా వెళ్ళను?" అన్నారు.

2008 అక్టోబర్‌లో ఒక సరఫరాదారు ఫ్యాక్టరీ ఆడిట్‌కి నన్ను పోలండ్ పంపించారు. మామూలుగా అయితే అది స్టాన్ వెళ్ళవలసిన ప్రయాణం. నన్ను గదిలోకి పిలిచి, పటం మీద ఒక చుక్క చూపించారు. "నువ్వుండే చోటి నుంచి రైల్లో రెండు గంటలు. ఆఖరి రోజు నీకు ఖాళీ ఉంటుంది. మా అక్కని చూసి ఒక్క మాట అడుగు. నేను రావచ్చా, కూడదా? అదొక్కటే. ఏం చెబితే అది తీసుకురా." ఆయన ఎవరినైనా ఏదైనా అడగడం నేను అంతకుముందు చూడలేదు. ఈసారి చూద్దాం అనలేదు. వెళ్తానన్నాను, వెళ్ళాను.

ఆ స్టేషన్‌లో దిగింది నేనొక్కదాన్నే. పొడి బొగ్గు వాసన గొంతులోకి దిగింది. పట్టాల మధ్య గడ్డి మోకాలెత్తు పెరిగి ఉంది. రెండు పొగగొట్టాలు కనిపించాయి, రెంటిలోనూ పొగ లేదు. కార్ఖానా మూతపడి కొన్నేళ్ళయిందట. గేటుకి గొలుసు, గోడమీద గొట్టంతో గాజు ఊదుతున్న పనివాడి రాతిబొమ్మ, బొమ్మకి ముక్కు లేదు. వీధి పొడుగునా ఒకే అచ్చులో పోసినట్టు ఎర్ర ఇటుకల కార్మికుల ఇళ్ళు. చూడటానికి ఏముంది ఇక్కడ అనుకుంటూ నడుస్తుంటే కిటికీలు కనిపించాయి. ప్రతి కిటికీలోనూ గాజు పిట్టలు, గాజు చేపలు, వంకరపోయిన గిన్నెలు. షిఫ్టు దిగే ముందు మిగిలిపోయిన గాజుతో పనివాళ్ళు తమకోసం చేసుకున్నవి. పూలమళ్ళ చుట్టూ అంచు కట్టింది కూడా రాళ్ళతో కాదు, కొలిమి అడుగున మిగిలిన పచ్చ గాజు గడ్డలతో. నేను చూసిన పెద్ద నగరాలేవీ ఇప్పుడు నాకు సరిగ్గా గుర్తు లేవు. ఈ వీధి మాత్రం ఇల్లిల్లూ గుర్తుంది.

హలీనాకి ఇంగ్లీషు రాదు. కింది అంతస్తులో ఉండే మారెక్ అనే ఆయన ఇంగ్లండ్‌లో కొన్నాళ్ళు బస్సు నడిపి వచ్చినవాడు, ఆయనే మా ఇద్దరికీ దుబాసీ. తలుపు తీసిన ఆవిడ అచ్చం స్టాన్‌లాగే పొడగరి, నవ్వు లేని మొహం. నేను చెయ్యి చాపితే అందుకోకుండా, మణికట్టు పట్టుకుని లోపలికి లాగి, అప్పుడు చెయ్యి కలిపింది. గడప మీంచి చెయ్యి కలిపితే మంచిది కాదట. మా అమ్మమ్మ కూడా గడప మీంచి ఏదీ ఇవ్వనిచ్చేది కాదు. బూట్లు విప్పించి ఇంట్లో వేసుకునే చెప్పులిచ్చింది. వద్దంటున్నా ప్లేట్లో ఇంకో రెండు బిస్కెట్లు పెట్టింది. అచ్చం మనవాళ్ళేనే అని నా మనసు కుదుటపడింది. నా కొంప ముంచింది ఆ కుదుటపడటమే.

అడగవలసింది అడిగాను. మారెక్ మెల్లిగా పోలిష్‌లో చెప్పాడు. ఆవిడ గాజుకప్పు ఎత్తి కిటికీ వైపు పెట్టి టీ రంగు చూసింది. పావుగంట గడిచింది. "గబుక్కున చెప్పే మనిషి కాదు" అన్నాడు మారెక్. నేను గడియారం చూసుకున్నాను. తిరుగు రైలు అయిదింటికి, మర్నాడు మధ్యాహ్నం విమానం. ముసలావిడని గుచ్చి గుచ్చి అడగడానికి మొహమాటం. లేచి, బూట్లు తొడుక్కుని, ఎవరింటి నుంచి బయల్దేరినా అనే మాటే ఇంగ్లీషులో అన్నాను. "ఐ విల్ గో అండ్ కమ్."

మారెక్ అది ఉన్నదున్నట్టు చెప్పాడు. హలీనా మొహం మొదటిసారి వదులైంది. నా రెండు చేతులూ పట్టుకుని ఏదో అంది. "రేపు అంటోంది. రేపు రండి" అన్నాడు మారెక్. భోజనం చేసి బయల్దేరుతుంటే రేపు మళ్ళీ రండమ్మా అనని ఇల్లు మన దగ్గర ఏదైనా ఉంటుందా? "తప్పకుండా" అన్నాను నవ్వుతూ. మారెక్‌కి నా కార్డు ఒకటి ఇచ్చి రైలెక్కేశాను.

క్యారీకి వచ్చాక స్టాన్ గది తలుపు వేసి కూర్చోబెట్టి అడిగారు. ఇల్లు చెప్పాను, కిటికీలు చెప్పాను, టీ చెప్పాను. "ఏమంది?" అన్నారు. "అడిగాను. ఏమీ చెప్పలేదు" అన్నాను. "ఏమీ అనలేదా?" అని ఇంకోసారి అడిగారు. "ఏమీ అనలేదు" అన్నాను. నేను అబద్ధమాడాననుకోలేదు. వీడ్కోలు మర్యాదల్ని కూడా ఎవరైనా లెక్కలోకి తీసుకుంటారా? ఆయన తలూపి, "సరే, అదీ జవాబే" అని, టేబుల్ మీది ఫైలు తెరిచారు.

ఏడాదిన్నర తర్వాత ఆఫీసు అడ్రసుకి నా పేరున ఒక కవరు వచ్చింది. మారెక్ ఇంగ్లీషులో రాశాడు. హలీనా పోయిన నెల చనిపోయింది. సామాను సర్దుతుంటే తమ్ముడి పేరున అంటించిన ఉత్తరం కనిపించింది, పంపిస్తున్నాను. మీరు వచ్చిన మర్నాడు మీకివ్వడానికి రాసింది. ఆ రోజు పొద్దున్నే గసగసాల రొట్టె చేసి, టేబుల్ మీద మంచి ప్లేట్లు పెట్టి, చీకటి పడేదాకా కిటికీ దగ్గర కూర్చుంది. నేను పోస్టులో పంపుతానంటే ఒప్పుకోలేదు. నా తమ్ముడే ఆ అమ్మాయిని మళ్ళీ వెళ్ళొద్దని ఉంటాడు అంది. తర్వాత ఆ విషయం ఎత్తనివ్వలేదు.

ఆ కాగితం పట్టుకుని నేను పార్కింగ్ లాట్‌లో కార్‌లో చాలాసేపు కూర్చున్నాను. చించేసి, చనిపోయిందట అని మాత్రం చెబితే ఏమవుతుందని కూడా ఆలోచించాను. అంత నీచంగా ఆలోచించానని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను. చివరికి లోపలికి వెళ్ళి రెండు ఉత్తరాలూ ఆయన ముందు పెట్టాను.

ఆయన ముందు మారెక్ ఉత్తరం చదివారు. తర్వాత అక్క రాసింది తెరిచారు. అందులో ఎక్కువ లేదు. అడక్కుండానే నాకు అర్థం చెప్పారు. "రా అంటోంది. తిట్టనంటోంది. తిట్టినా భోజనం అయ్యాకేనట."

"ఇప్పుడు అంతా చెప్పు" అన్నారు. "చివరి దాకా. ఏది ముఖ్యమో నువ్వు చూడొద్దు."

చెప్పాను. రేపు రమ్మందని కూడా చెప్పాను.

"అది అప్పుడెందుకు చెప్పలేదు?"

"మా వైపు అందరూ అలా అంటారు స్టాన్. ముఖ్యం కాదనుకున్నాను."

"నువ్వేమన్నావు?"

"వెళ్ళొస్తానన్నాను. మా భాషలో వెళ్తున్నాను అనకూడదు, అది అశుభం. అందుకని మళ్ళీ వస్తానని చెప్పి వెళ్తాం. వస్తామని కాదు."

ఆయన అరుస్తారని ఎదురుచూశాను. అరిస్తే బాగుండేది, నాకు ఏడవడానికి ఒక దారి దొరికేది. ఆయన కళ్ళజోడు తీసి ఉత్తరం మీద పెట్టారు. "ఊరు వదిలిన రోజు నేనూ ఆ గుమ్మంలో అదే అన్నాను. రాత్రి భోజనానికి వస్తానని. పాపం, మనిద్దరి కోసమూ ప్లేట్లు పెట్టింది." అంతే. తర్వాత ఎప్పుడూ ఆయన నన్ను ఆ విషయంలో ఒక్క మాట అనలేదు. క్షమించారో, మాట్లాడటం దండగనుకున్నారో నాకు తెలియదు, అడిగే ముఖమూ లేదు.

మరుసటి ఏడాది ఆయన రిటైరయ్యారు. ఒంటరి మనిషి, ఇల్లు ఖాళీ చేసి, రెండు సూట్‌కేసులతో పోయేదాకా అక్క ఉన్న ఆ ఫ్లాట్‌కే బయల్దేరారు. ఎయిర్‌పోర్ట్‌కి నేనే డ్రైవ్ చేశాను. దారంతా ఎగ్జిట్ నంబర్ల గురించి తప్ప ఏమీ మాట్లాడుకోలేదు. సామాను దించాక అలవాటు కొద్దీ "వెళ్ళి రండి" అనేశాను, ఇంగ్లీషులోనే. నాలుక కరుచుకున్నాను. ఆయన నా చెయ్యి పట్టుకుని, "లేదు వాణీ. వెళ్తున్నాను" అన్నారు. అన్నట్టే మళ్ళీ రాలేదు. మూడేళ్ళు అక్కడే ఉండి, అక్కడే పోయారు. ఆ కబురూ మారెక్ రాసిందే.

క్యారీలో ఎవరింటికి భోజనానికి వెళ్ళినా, బయల్దేరేటప్పుడు "వెళ్తున్నానండీ" అంటాను. పెద్దావిడలు నొచ్చుకుంటారు. "అదేంటమ్మా, వెళ్ళొస్తాననాలి" అని సరిదిద్దుతారు. ఇంతలో ఎవరో ఒకరు, "రేపు కూడా రండి, ఇంత దగ్గర్లో ఉండి కూడా" అంటారు. రేపు ఎన్నింటికండీ అని అడుగుతాను. వాళ్ళు నవ్వుతారు. మా ఆయన కార్ స్టార్ట్ చేసి హారన్ కొడుతుంటాడు. వాళ్ళు ఎన్నింటికో చెప్పేదాకానో, ఊరికే అన్నామని ఒప్పుకునేదాకానో నేను గడప దాటను.